ఒకోసారి ఆగి, ఒకోసారి ఆగని బండి

పూర్తిగా చెడిపోయిన బండితో పెద్ద తలనొప్పి లేదు. చెడినచోటే నిలబడి ఉంటది, మెకానిక్ వచ్చి పట్టుకుంటాడు. తలనొప్పంతా వారానికోసారి ఆగి, మళ్లీ సెల్ఫ్ కొట్టగానే ఏమెరగనట్టు లేచే బండితోనే. షోరూముకి తీసుకెళ్తే బుద్ధిమంతుడిలాగా తిరిగిద్ది. "మా దగ్గర బానే ఉంది కదండీ" అని నీళ్లు కొట్టి కడిగి, బిల్లు చేతిలో పెడతారు. తీసుకుని కంకిపాడు వస్తంటే ఈడుపుగల్లు దగ్గర టప్పున ఆగిద్ది. వెనకాల ఇసుక లారీ ఉంటది. బందరు రోడ్డు మీద అదెంత ప్రమాదమో ఇటు తిరిగేవాళ్లకి నేను చెప్పక్కర్లా.

నేను మెకానిక్కుని కాదు. ఊళ్లో ఎవరి బండి మొరాయించినా పక్కన గొంతుకూర్చుని చూసే అలవాటుంది, అంతే. అలా చూసినదాంట్లో నాకు అర్థమైందేంటంటే, మనోళ్లు కొత్త బండికి పాత వైద్యం చేయిస్తన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది. దాంతో మనం నడిపే పెట్రోలు బళ్లలో కార్బురేటర్ దాదాపు పోయింది. ఇప్పుడు ట్యాంకులో కరెంటు పంపు ఉంటది, ఇంజెక్టరు పెట్రోలు చిమ్మిద్ది, ఎప్పుడు ఎంత చిమ్మాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెప్పిద్ది. దానికి కబుర్లు మోసేవి సెన్సార్లు. ఇంజనుకి కావాల్సినవి అప్పుడూ ఇప్పుడూ అవే: గాలి, పెట్రోలు, నిప్పు. కాకపోతే ఇప్పుడు ఆ మూడింటి మీదా కరెంటు పెత్తనం. ఎక్కడో ఒక వైరు కాసేపు వదిలితే ఇంజను చచ్చిపోద్ది, మళ్లీ తగిలితే లేచిద్ది.

అందుకే "ఎందుకు ఆగింది" అనేదానికంటే ముందు "ఎట్టా ఆగింది" అని అడగాల. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు వైపు: బ్యాటరీ టెర్మినల్, తాళం స్విచ్, వైరింగ్, కాయిల్, క్రాంక్ సెన్సార్. దగ్గుతా, గుంజుతా, బలం తగ్గి ఆగితే పెట్రోలు వైపు చూడాల: పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్, ట్యాంకు మూత గాలి రంధ్రం. పరుగులో బానే ఉండి, సెంటర్లో జనం మధ్య స్లో అయినప్పుడు మాత్రమే ఆగితే థ్రాటిల్ బాడీలో మసి పట్టి ఉండొచ్చు. ఇంజను బాగా కాగాక ఆగి, పది నిమిషాలు చల్లారాక లేస్తే క్రాంక్ సెన్సారో, కాయిలో, పంపో వేడికి మొరాయిస్తందని అనుకోవాల. ఇవి ఖాయమైన తీర్పులు కాదు, ఎటు వెతకాలో చెప్పే గుర్తులు.

ఆగిన నిమిషంలోనే చూడాల్సినవి రెండున్నాయి. మీటరు కూడా ఆరిపోయిందా, లేకపోతే వెలుగుతానే ఉందా? ఆరిపోతే మొత్తం కరెంటే తెగినట్టు. వెలుగుతా ఉంటే తాళం ఆపి మళ్లీ ఆన్ చేసి చెవి పెట్టండి. ట్యాంకులోంచి రెండు సెకన్లు "జుయ్" మని రావాల, అది పంపు లేచిన చప్పుడు. అది రాకపోతే పంపుకి కరెంటు అందట్లేదు, లేదా పంపే పోయింది. ఇదంతా రోడ్డు మధ్యలో చేయమాకండి, ముందు బండిని ఎడమ పక్కకి దించండి. కారైతే అది పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడిద్ది. ఇంజను ఆగాక స్టీరింగు బరువెక్కిద్ది, బ్రేకు కూడా ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత గట్టిపడిద్ది. అందుకని తొక్కి వదిలి తొక్కకుండా ఒకే ఊపున తొక్కి పట్టాల.

మా బాబాయిగారబ్బాయి బండి సంగతి చెప్తా. కొని రెండేళ్లు కాలేదు. ఆగినప్పుడల్లా ఒకళ్లు పెట్రోలు కల్తీ అన్నారు, ఒకళ్లు ప్లగ్గు మార్చారు, ఇంకొకళ్లు పంపు పోయిందని వేలల్లో ఖర్చు చెప్పారు. నేను వాడి చేత ఒక చీటీ మీద రాయించా: ఎక్కడ, ఎంత స్పీడు, ఎండా వానా, ఎంత పెట్రోలుంది, అప్పుడు ఏం చేస్తన్నావు. ఐదోసారికి విషయం బయటపడింది. ఐదిట్లో నాలుగుసార్లు యూటర్న్ దగ్గరే, ఒకసారి స్పీడ్ బ్రేకర్ మీద. అన్నిసార్లూ మీటరు ఆరింది. పెట్రోలు కల్తీ అయితే అది యూటర్న్ చూసుకుని ఆగదు కదా! బండిని స్టాండేసి, ఇంజను ఆన్లో ఉంచి, హ్యాండిల్ ఎడమకి చివరిదాకా తిప్పితే మూడోసారికి చచ్చింది. హెడ్‌లైట్ వెనకాల ఫాగ్ లైట్ల కోసం బయట షాపులో వైరు చీల్చి కలిపారు. ఆ జాయింటు హ్యాండిల్ తిరిగినప్పుడల్లా సాగి ఊడొస్తంది. దాన్ని సరిగ్గా అతికి, లైట్లకి వేరేగా రిలే, ఫ్యూజు పెట్టించాం. మళ్లీ ఆగలా.

ఇంకో అలవాటు కూడా చెప్పాల. వందకి పెట్రోలు కొట్టించి, ఎప్పుడూ రిజర్వు గీత మీదే తిప్పేవాళ్లు మనలో చాలామంది. ట్యాంకులో పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. అది అడుగంటితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గిద్ది. ఇప్పుడమ్మే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటంది, అది తేమని లాక్కుంటది. వానాకాలం మూత సరిగ్గా పట్టకపోతే నీళ్లు దిగుతాయి. ఇది నిజమే గానీ, ప్రతి రోగాన్నీ దాని నెత్తిన వేయటం బద్ధకం.

ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ లైటు వెలిగితే దాన్ని తిట్టుకోకండి. ఈసీయూ లోపల కోడ్ దాచిందని అర్థం. కార్లో స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి స్కానర్ పెడితే అది బయటపడిద్ది. పి0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. సెన్సార్ అని మాత్రమే కాదు, సర్క్యూట్ అని ఉందే, అది గమనించాల. వైరు తెగినా, ప్లగ్ వదులైనా అదే కోడ్. కోడ్ చూడగానే పార్టు ఆర్డర్ పెట్టేవాణ్ణి ఆపండి. బ్యాటరీ పీకేసి "రీసెట్" చేసేవాణ్ణి అంతకంటే ముందు ఆపండి, ఉన్న సాక్ష్యం కాస్తా చెరిగిపోద్ది.

ఒక్కోసారి తప్పు మీదీ కాదు, మెకానిక్‌దీ కాదు. 2021 ఏప్రిల్‌లో హోండా పెట్రోలు పంపు లోపం వల్ల ఇంజను ఆగొచ్చని 77,954 కార్లని వెనక్కి పిలిచింది. అదే ఏడాది మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపంతో 2,36,966 బళ్లు. 2024 మార్చిలో మారుతి 11,851 బాలెనోలు, 4,190 వ్యాగన్ఆర్‌లు, మళ్లీ పంపు మోటారే. ఇట్టాంటివాటికి ఉచితంగా మార్చాల్సిందే. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవటానికి ఐదు నిమిషాలు చాలు.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, కంపెనీలు రిపేరు పుస్తకాలు, స్కానర్ సాఫ్ట్‌వేరు తమ సెంటర్లలోనే దాచుకోవటం దగ్గర. కంకిపాడు, ఉయ్యూరు మెకానిక్కులకి చెయ్యి తిరగక కాదు, చూసే కళ్లు ఇవ్వక. కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో బళ్లు కూడా ఉన్నాయి. అది మన ఊరి షెడ్డు దాకా దిగిరావాల.

అందాకా మీరు చేయగలిగింది: ఆగినప్పుడు మీటరుని ఫోన్లో వీడియో తీయండి. జాబ్ కార్డు మీద "జనరల్ సర్వీస్" అని రాస్తే ఒప్పుకోకండి. "నడుస్తా ఉండగా ఇంజను ఆగుతంది" అని తేదీ, కిలోమీటర్లతో రాయించి ఫోటో తీసుకోండి. వారంటీ దాటాక గొడవొస్తే, లోపం లోపలుండగానే చెప్పామనటానికి ఆ కాయితమే ఆధారం. అప్పటికీ వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చేతిలో ఆ కార్డు పెట్టుకుని.