నారికురుపును ఓడించిన గుడ్డముక్క

నారికురుపు పేరెత్తితే పల్లెల్లో పాతతరంవాళ్లు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. కాలిమీద పొక్కు లేచి, అది చితికి, తెల్లటి దారం లాంటి పురుగు బయటికొచ్చే జబ్బు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండేది. మన దేశంలో ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనిపించింది. ఆఫ్రికా పల్లెల్లో మాత్రం ఆ పోరు ఇంకా తెమల్లేదు.

దీనికి ఈనాటికీ మందూ లేదు, టీకా లేదు. అయినా 1986లో ఏడాదికి 35 లక్షలుగా లెక్కగట్టిన కేసులు 2024 నాటికి ప్రపంచం మొత్తమ్మీద పదిహేనుకు దిగాయి. పురుగు పిల్లలు చెరువు నీళ్లలో సైక్లాప్స్ అనే చిన్న జీవుల్లో దాక్కుని, ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోకి చేరతాయి. సన్నటి నేత ఉన్న నైలాన్ గుడ్డతో వడకడితే అవి పైనే ఆగిపోతాయి. అంతే సంగతి!

అంతే అయితే ఇన్నేళ్లెందుకు పట్టింది? నీళ్లు తాగిన ఏడాదికి గానీ పురుగు బయటపడదు. పోయినేడు తాగిన నీళ్లకూ ఇవాళ్టి కాలినొప్పికీ లంకె ఉందంటే ఎవరు నమ్ముతారు? పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు చెబితే అసలే నమ్మరు. అమెరికా నుంచి పీస్ కోర్ అనే సేవాసంస్థ యువతీయువకులు పశ్చిమాఫ్రికా పల్లెల్లో ఉండి పనిచేశారు, కాదనను. కానీ అసలు బరువు మోసింది ఆ ఊళ్లలోని వాలంటీర్లే. వాళ్లు ఇంటింటికీ తిరిగి పొక్కులేమైనా లేచాయా అని అడుగుతారు, వడపోత గుడ్డ చిరిగిందేమో చూస్తారు. పురుగు తల బయటపెట్టిన 24 గంటల్లోపే రోగిని పట్టుకోవాలి. మంట చల్లారుతుందని కాలు చెరువులో పెడితే పురుగు లక్షల పిల్లల్ని ఆ నీళ్లలోకి వదిలేస్తుంది మరి. పుండు కడిగి, పురుగు కొసను గాజుగుడ్డకో పుల్లకో చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా లాగుతారు. పురుగు మీటరు దాకా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందరపడితే లోపలే తెగి చీము పడుతుంది.

పశువుల వెంట, పొలాల వెంట తిరిగేవాళ్లు గుడ్డా కుండా మోసుకెళ్లలేరు కదా. వాళ్లకోసం లోపల జల్లెడ అమర్చిన చిన్న గొట్టం తయారుచేశారు. మెడలో వేలాడదీసుకుని, దాహమేస్తే నీళ్లలో పెట్టి పీల్చుకోవడమే. ఇలాంటివి సుడాన్‌లో లక్షల కొద్దీ పంచారు.

ఆ సుడాన్‌లోనే అంతర్యుద్ధం జరుగుతుంటే వాలంటీర్లు ఊళ్లలోకి అడుగుపెట్టేదెలా? 1995లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇరుపక్షాలతో మాట్లాడి కాల్పులు ఆపించారు. ఆ విరామం దాదాపు ఆరు నెలలు సాగింది. ఆ సందులోనే వడపోత గుడ్డలు పంచారు, పిల్లలకు తట్టు టీకాలు వేశారు. ఓ పురుగు కోసం తుపాకులు దించడం యుద్ధాల చరిత్రలో అరుదే.

కార్టర్‌ను ఈ పనిలోకి అంతగా లాగింది 1988లో ఘనాలోని డెంచిరా అనే ఊళ్లో కనిపించిన ఓ యువతి. చంకలో బిడ్డనెత్తుకుందనుకుని ఆయన పలకరించబోయారు. అది బిడ్డ కాదు, వాచిపోయిన రొమ్ము; పురుగు చనుమొన గుండా బయటికొస్తోంది. ఆ సంగతి ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

ఇక చాద్ దేశం కథ వేరు. పదేళ్లపాటు ఒక్క కేసూ లేదనుకుంటే 2010లో మళ్లీ బయటపడింది. ఆరా తీస్తే కుక్కలు దొరికాయి! జాలర్లు పారేసిన చేప పేగులు తినడం వల్ల వాటికి సోకుతోందని అనుమానం. దాంతో అక్కడి వాలంటీర్లకు కొత్త పని పడింది: పేగుల్ని పాతిపెట్టమని చెప్పడం, పురుగున్న కుక్కను కట్టేయించడం. చెప్పిన మాట విని కుక్కను కట్టేసి ఉంచిన యజమానికి నగదు బహుమతి కూడా ఇస్తారు.