మంచం మారితే మనసులు కలుస్తాయా?

మెట్ట పల్లెల్లో వాస్తుకు తోడు ఫెంగ్ షుయ్ - గోడలు పగులుతున్నా తీరని గొడవలు

జగ్గయ్యపేట, నందిగామ: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు పనులూ చేసి, ఆ అప్పు తీరకముందే మూడో పనికి దిగడం మెట్ట ప్రాంతంలో పరిపాటి అయింది. ఆ మూడో పని, కట్టిన ఇంటిని పగలగొట్టి సరిచేయడం. కొడుకు, కోడలు మాటామాటా అనుకుంటే పడకగది మూల మారుతోంది. పిల్లలు కలగడం ఆలస్యమైతే మంచం దిశ మారుతోంది. మిర్చి ధర పడిపోతే ఉన్న వాకిలి మూసి, మరో గోడకు ద్వారం పెడుతున్నారు.

2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, ఈ ప్రాంతాన్ని పాతతరం నేటికీ కృష్ణా జిల్లా మెట్ట అనే పిలుస్తుంది. పత్తి, మిర్చి నమ్ముకున్న నేల ఇది. ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండుతుంది. నిలకడ లేని బతుకులో మనిషి ఏదో ఒక ఆధారం వెతుక్కోవడం సహజం. ఆ ఆధారం ఇంటి ఆడపిల్ల మెడకు చుట్టుకోకుండా ఉండాలన్నదే ఇక్కడ ఆలోచించవలసిన సంగతి.

తల ఎటు పెట్టాలి?

సంసారంలో చిక్కు ఉందని వెళితే సిద్ధాంతి అడిగే మొదటి ప్రశ్న "తల ఎటు పెట్టి పడుకుంటున్నారమ్మా?" అని. మన వాస్తు ప్రకారం ఇంటి యజమాని పడక నైరుతిలో ఉండాలి. వంట ఆగ్నేయంలో, దేవుడు ఈశాన్యంలో ఉండాలి. తల దక్షిణానికి గాని, తూర్పుకు గాని పెట్టాలి. ఉత్తరం పనికిరాదు. ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగు తలనే వినాయకుడికి అతికించారన్న కథ ప్రతి ఇంటా పిల్లలకు చెప్పేదే.

ఇప్పుడు ఈ కథకు సైన్సు రంగు పులుముతున్నారు. భూమి అయస్కాంత శక్తి రక్తంలోని ఇనుమును లాగుతుందంటున్నారు. రక్తంలో ఇనుము ఉన్నమాట నిజమే. కాని అది మేకులోని ఇనుము వలె అయస్కాంతానికి అతుక్కునేది కాదు. ఆసుపత్రుల్లో ఎమ్మారై స్కానింగు చేసే మామూలు యంత్రం అయస్కాంత శక్తి, భూమి శక్తికి 30 వేల రెట్లకు పైనే ఉంటుంది. అందులో అరగంట పడుకున్నవారు లేచి నడిచి ఇంటికి వస్తున్నారు. ఉత్తరం తల పెట్టిన మాత్రాన కీడు జరుగుతుందనడం ఎంతవరకు సబబో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

చైనా నుంచి వచ్చిన చుట్టం

వాస్తు చాలదన్నట్లు ఇటీవలి దశాబ్దాల్లో ఫెంగ్ షుయ్ వచ్చి చేరింది. చైనా భాషలో ఈ మాటకు గాలి, నీరు అని అర్థం. మొదట్లో ఇది సమాధులకు మంచి చోటు వెతికే విద్య. తరువాత ఇళ్లకు పాకింది. దీని ప్రకారం మంచం తల గట్టి గోడకు ఆనాలి. పడుకున్నవారికి తలుపు కనబడాలి గాని, కాళ్లు తిన్నగా తలుపుకు ఎదురుగా ఉండరాదు. అద్దం మంచానికి ఎదురుగా ఉండరాదు. దూలం కింద పడుకోరాదు. మంచానికి రెండువైపులా నడిచే చోటు ఉండాలి.

వీటిలో కొన్నింటికి అర్థం లేకపోలేదు. తలుపు కనబడితే ఎవరు వచ్చిందీ తెలుస్తుంది. పెంకుటింట్లో దూలం కింద పడుకుంటే దుమ్ము, అప్పుడప్పుడు తేలు కూడా మీద పడతాయి. మన పెద్దలకు తెలియని సంగతులు కావివి.

చిక్కల్లా రెండు పద్ధతులనూ ఒకే గదిలో ఇరికించబోవడంలో వస్తోంది. మనవారికి దక్షిణం యముని దిక్కు, ఆ వైపు వాకిలి అంటే జంకుతారు. చైనావారికి దక్షిణ ముఖం శ్రేష్ఠం. అక్కడ చలిగాలి ఉత్తరం నుంచి వీస్తుంది, వెచ్చని ఎండ దక్షిణం నుంచి పడుతుంది. కనుక ఇంటికి ఉత్తరాన వీపు పెట్టారు. ఎవరి గాలిని బట్టి, ఎవరి ఎండను బట్టి వారు ఇల్లు కట్టుకున్నారు. ఆ దేశపు చలికి పుట్టిన నియమం మన మెట్ట ఎండకు ఎలా సరిపోతుంది?

ఫెంగ్ షుయ్ పేరిట బజారులో అమ్మే బొమ్మల్లో ముఖ్యమైనది బొజ్జ ఊపుతూ నవ్వే బుద్ధుడు. నిజానికి అది గౌతమ బుద్ధుడి రూపం కాదు. పదో శతాబ్దంనాటి పుతై అనే చైనా సన్యాసిది. అసలు బుద్ధుని గుర్తులు జగ్గయ్యపేట పక్కనే ధనబోడు మీద ఉన్నాయి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి, ఈ మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అక్కడి శాసనం చెబుతోంది. దిక్కు చూసి కట్టడం ఈ నేలకు కొత్త కాదు. భయపడి పగలగొట్టడమే కొత్త.

ఎండ చెప్పే వాస్తు

పాతకాలపు ఇళ్లలో పడకగది అంటూ వేరుగా ఉన్నవి తక్కువ. మందపాటి గోడలు, పైన పెంకు లేదా తాటాకు. పెద్దలు వసారాలో, పిల్లలు నట్టింట్లో పడుకునేవారు. కొత్త దంపతులకే ఒక గది. వేసవి వస్తే ఇల్లంతా ఆరుబయట నులక మంచాల మీదే.

ఇప్పుడు స్లాబు ఇళ్లు వచ్చాయి. గోడ మందం తగ్గింది. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మధ్యాహ్నం తిరిగాక ఎండ సూటిగా పడేది పడమర గోడ మీద. నైరుతి గదికి ఒక వైపు ఆ గోడే. పగలంతా తాగిన వేడిని స్లాబు, గోడలు రాత్రి గదిలోకి వదులుతాయి. మందపాటి మట్టిగోడ నాడు నైరుతి గదికి ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. పలచని గోడ, నెత్తిన స్లాబు ఉన్న నేటి ఇంట్లో అదే గది కుంపటి అవుతోంది. నిద్ర లేని ఆలుమగలు తెల్లవారి పోట్లాడుకుంటే దానికి దోషం దిక్కుది కాదు, ఉక్కది.

దీనికి విరుగుడు ఖర్చుతో కూడినదేమీ కాదు. ఎదురెదురుగా రెండు కిటికీలు ఉంటే గాలి ఆడుతుంది. స్లాబు మీద తెల్ల సున్నం కొడితే వేడి తగ్గుతుంది. పడమర వైపు వేపచెట్టు నాటితే కొన్నేళ్లకు గోడకు నీడ వస్తుంది. కిటికీ మీద సజ్జా ఉంటే ఎండ లోనికి రాదు.

నీటి సంగతీ అంతే. ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తు చెబుతుంది. ఈ ప్రాంతంలో పాలేరు, మున్నేరు దక్షిణానికి పారి కృష్ణలో కలుస్తాయి. నేల వాలు దక్షిణానికి ఉన్నచోట మట్టి పోసి వాలును తిప్పితే వాన నీరు ముంగిట్లోనో, పక్కవారి గోడ కిందో నిలుస్తుంది. 2023 జూలైలోను, 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకూ మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదకు వచ్చింది. నీరు తన వాలు చూసుకుంటుంది గాని, మన వాస్తు చూడదు.

సెంటున్నరలో ఎనిమిది దిక్కులు

2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలు ఇచ్చారు. సెంటున్నర అంటే సుమారు 72 గజాలు. ఒక గది, వంటిల్లు, స్నానాల గది పట్టేసరికి స్థలం సరి. అందులో నైరుతి వెతకబోతే మంచం పట్టే మూలే నైరుతి అనుకోవాలి. అటువంటి ఇంట్లో కూడా గోడ పగలగొట్టమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. బరువు మోసే గోడకు ఎక్కడపడితే అక్కడ కన్నం పెడితే పైనున్న స్లాబుకే మోసం.

పెద్దల ఇళ్లదీ ఇదే దారి. పాత సచివాలయానికి వాస్తు దోషం ఉందని 2015లో తెలంగాణ ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు ప్రకటించారు. వాస్తు చూసి కొత్తది కట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరులో ఆయన పదవి పోయింది. కృష్ణకు ఆవలి గట్టున అమరావతికి కూడా వాస్తు చూసే 2015 అక్టోబరు 22న శంకుస్థాపన చేశారు. 2019 తరువాత ఆ పనులు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ప్రజల ఓటుకు, ప్రభుత్వాల తీరుకు ఈశాన్యం అడ్డు నిలవలేదు.

తిరుపతమ్మ కథ ఏం చెబుతోంది?

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అత్తింట కోడలు పడిన బాధలే ఆ కథకు ప్రాణం. భర్త గోపయ్య పశువుల వెంట అడవికి వెళ్లి పులివాత పడ్డాడని, ఆమె అగ్నిప్రవేశం చేసిందని చెబుతారు. అమ్మవారి విగ్రహాలను రంగులు వేయడానికి జగ్గయ్యపేట తీసుకువెళ్లే వేళ దారి పొడవునా జనం హారతులు పడతారు. ఆ కథ చెప్పేవారెవరూ ఆ ఇంటి నైరుతి పెరిగిందని గాని, మంచం ఉత్తరానికి ఉందని గాని చెప్పరు. కోడలిని కాల్చుకుతిన్న నోళ్ల గురించే చెబుతారు.

నేటికీ కాపురాలు చెడేది ఆ నోళ్ల వల్ల, తాగుడు వల్ల, అప్పుల వల్ల, కట్నం బాకీల వల్ల. ఇవేవీ మంచం జరిపితే జరిగేవి కావు. పిల్లలు లేరని గది మార్చి ఏళ్లు పోగొట్టుకునే బదులు, ఏడాది చూసి ఆలుమగలిద్దరూ కలిసి డాక్టరుకు చూపించుకోవడం మేలు. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. పరీక్ష ఒక్క కోడలికే చేయించి, ఆమె అడుగు పెట్టిన వేళ మంచిది కాదనడం అన్యాయం. కొట్టే భర్త ఉన్న ఇంట్లో అద్దం తీసినా, బొమ్మ పెట్టినా దెబ్బలు ఆగవు. అటువంటి మహిళలకు 181 నంబరు ఉంది. 2006 నుంచి గృహహింస చట్టమూ అమలులో ఉంది.

నమ్మకం ఉన్నవారు మంచం తల దక్షిణానికి తిప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు. దానికి పైసా ఖర్చు కాదు. కాని అప్పు తెచ్చి గోడ పగలగొట్టే ముందు ఒక్క సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, గొడవ ఎక్కడ మొదలైందో మాట్లాడుకుంటే మంచిది. కోడలి మాట కూడా వినాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, కాపురం చేసుకోలేక మంచాన్ని తప్పు పట్టి ప్రయోజనం ఏముంది?