పాత వాచీ కొంటున్నారా? గీతలు కాదు, తుప్పు చూడండి

విశాఖపట్నంలో పాత చేతి గడియారం అమ్మకానికి వచ్చిందంటే చాలాసార్లు దాని వెనక ఒక ఉద్యోగ జీవితం ఉంటుంది. పోర్టుకో, షిప్‌యార్డుకో, స్టీల్‌ప్లాంటుకో షిఫ్టులకు వెళ్లిన మనిషి చేతికి ఏళ్లపాటు ఉండి, రిటైరయ్యాక బీరువా సొరుగులోకి చేరి, పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడ్డ వాచీ అది. హెచ్‌ఎంటీ జనతా, పైలట్, సోనా, కోహినూర్ కావచ్చు. అంతకు ముందు తరానిదైతే ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్, రోమర్ లాంటి స్విస్ వాచీ కావచ్చు. ఓడల మీద తిరిగొచ్చినవాళ్లదైతే సీకో 5 కావచ్చు.

హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ వార్త తర్వాత వీటి మీద మోజు పెరిగింది, మోజుతోపాటు అపోహలూ పెరిగాయి. కొనేవాళ్లు భయపడకూడని చోట భయపడి మంచి వాచీని వదిలేస్తున్నారు, భయపడాల్సిన చోట ధైర్యం చేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు. సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఈ తేడా మరీ ముఖ్యం.

అపోహ: పైన అరిగిపోతే లోపలా పాడైనట్టే

కాదు. అద్దం మీది గీతలకు బేరం వదులుకోవలసిన పని లేదు. ఆ కాలపు వాచీల్లో చాలావాటికి ఉండేది యాక్రిలిక్ అద్దం. పాలిష్ పేస్టుతో రుద్దితే సన్నగీతలు పోతాయి, లోతుగా పడితే అద్దమే మార్చుకోవచ్చు. బెల్టు మారుతుంది, చైను మారుతుంది. కేసు అంచులు నునుపు తేలడం ఆ వాచీని రోజూ పెట్టుకున్నారనడానికి గుర్తు. రోజూ నడిచిన వాచీ, ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉన్న వాచీకన్నా నయమైన సందర్భాలు ఎన్నో.

అసలు శత్రువు ఉప్పుగాలి. అది కీ బుడిపె చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి పోతుంది, అందుకే మొదట తుప్పు పట్టేది కీ కాడ, దాన్ని ఆనుకున్న చిన్న ఉక్కు భాగాలు. ఆ తుప్పు పొడిగా రాలి నూనెలో కలిసిందంటే తిరిగే ఇరుసులన్నింటినీ ఆకురాయిలా అరగదీస్తుంది. కీ బుడిపెను మెల్లగా బయటికి లాగి ముళ్లను తిప్పి చూడండి. ఇసుక నలిగినట్టు గరగరలాడితే అనుమానించాలి. డయల్ అంచున గోధుమరంగు మచ్చలు, ముళ్ల మొదట్లో ఎర్రటి పొడి, అద్దం లోపల ఎప్పుడో ఆవిరి పట్టి ఆరిన చార కనిపిస్తే మరింత అనుమానించాలి.

వెనక మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే వాచీ అంతా స్టీలే అనుకునేవాళ్లు చాలామంది. స్టీలు ఆ మూత ఒక్కటే. కేసు సాధారణంగా ఇత్తడిది, దానిమీద క్రోమియమో బంగారమో పూత. చెమట, ఉప్పు కలిసి ఆ పూతను తినేశాక ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. కాస్త పూత పోవడం సహజం, దానికి ధర తగ్గించి అడగండి. బెల్టు పిన్నులు దూరే చెవులు గుంటలు పడి సన్నబడితే మాత్రం వద్దు, ఏదో ఒకరోజు వాచీ ఊడి కింద పడుతుంది.

మూత తెరిపించి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. వన్‌టౌన్‌లోనో గాజువాకలోనో మీకు తెలిసిన మెకానిక్ దగ్గరికి అమ్మేవారితో కలిసి వెళ్తే కొద్ది నిమిషాల పని. ‘తెరిస్తే పాడవుతుంది’ అని అమ్మేవారు అడ్డం పడితే అక్కడితో ఆ బేరం ముగిసినట్టే.

అపోహ: తళతళలాడుతోంది కాబట్టి జాగ్రత్తగా వాడారు

నన్నడిగితే నలభై యాభై ఏళ్ల వాచీ కొత్తదానిలా మెరుస్తుంటే ముందు అనుమానమే రావాలి. పాత డయల్‌ను గీకేసి మళ్లీ రంగువేసి, పేరు అచ్చేసి, వేర్వేరు వాచీల భాగాలు కలిపి అమ్మడం మన దేశంలో పెద్ద వ్యాపారం. సేకరించేవాళ్లు వీటిని ‘ముంబై స్పెషల్’ అంటారు. స్విస్ పేర్లతో ఎర్రటి, నీలి డయల్‌లు పెట్టుకుని చవగ్గా దొరికేవాటిలో ఇలాంటివే ఎక్కువ. హెచ్‌ఎంటీ పైలట్‌కు గిరాకీ ఉంది కనుక నల్ల డయల్ వేసి దాన్నీ తయారుచేస్తున్నారు.

భూతద్దం పెట్టి చూస్తే బండారం బయటపడుతుంది. అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, నిమిషాల గీతలు అంకెలకు సూటిగా రావు, చిన్న సెకన్ల ముల్లు తన వలయం మధ్యలో ఉండదు. అసలు డయల్ మీద వయసు తెచ్చిన పసుపు ఛాయ, చిన్న మచ్చ ఉన్నా సరే, కొత్తగా రంగువేసినదానికన్నా అదే విలువైనది. కొన్నాక మీరూ ‘డయల్ కొత్తగా చేయించేద్దాం’ అనుకోకండి.

అపోహ: కీ ఎక్కువైపోయి ఆగిపోయింది

పాత వాచీ అమ్మేచోట తరచు వినపడే మాట ఇది. ‘ఎవరో కీ టైటుగా తిప్పేశారండీ, కాస్త వదులు చేయిస్తే నడుస్తుంది’ అంటారు. కీ ఇచ్చే వాచీలో మెయిన్‌స్ప్రింగ్ నిండా చుట్టుకుంటే బుడిపె ఇక తిరగదు. అది పూర్తిగా కీ ఇచ్చిన స్థితి, జబ్బు కాదు. బలవంతంగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది, నిజమే. కానీ నిండా కీ ఉండి కూడా వాచీ కదలడం లేదంటే స్ప్రింగు బలం చక్రాలకు అందడం లేదన్నమాట. కారణం ఎండి జిగురైన నూనె కావచ్చు, దుమ్ము, తుప్పు, విరిగిన ఇరుసు కావచ్చు. నూనె అయితే పూర్తి సర్వీసింగ్‌తో బాగవుతుంది. ఇరుసు విరిగితే ఖర్చు వేరు. ఏదన్నది మూత తీశాకే తెలుస్తుంది కాబట్టి, ఆగిపోయిన వాచీకి నడవని వాచీ ధరే ఇవ్వాలి.

దీనికి తిరగేసిన అపోహ సీకో దగ్గర ఉంది. 7009, 6309 మెషీన్లు ఉన్న పాత సీకో ఆటోమేటిక్‌లకు బుడిపెతో కీ ఇవ్వడం అసలు కుదరదు. చేతి కదలికకే స్ప్రింగు చుట్టుకుంటుంది. బుడిపె తిప్పితే ఏమీ కావడం లేదని వాటిని పాడైనవిగా లెక్కకట్టవద్దు. అటూఇటూ నెమ్మదిగా ఊపితే సెకన్ల ముల్లు కదలాలి.

అపోహ: టిక్ టిక్ అంటోంది, అంతే చాలు

నూనె ఎండిపోయినా వాచీ నడుస్తుంది, నడుస్తూ తనను తానే అరగదీసుకుంటుంది. జనతా, పైలట్‌లలో వాడిన 0231 మెషీన్ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. ఆ చిన్న ఇరుసుల మీద పని అంత. కాబట్టి నిండా కీ ఇచ్చి ఒక రోజంతా ఉంచి చూడమనండి. డయల్ పైకి పెట్టి, కిందికి పెట్టి, నిలువుగా పెట్టి తేడా గమనించండి. రోజుకు అర నిమిషం అటూఇటూ అయితే పాత వాచీకి అది మంచి నడకే, 86,400 సెకన్లలో 30 సెకన్లు ఎంతని? ఒక వైపు పెడితే నడిచి, మరో వైపు పెడితే ఆగిపోయేదాన్ని కొనవద్దు.

అపోహ: రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోంది, ఇక పనికిరాదు

ఉక్కు నగరంలో ఈ ఒక్క లోపాన్ని చూసి బెదిరిపోకూడదు. పెద్ద మోటార్లు, వెల్డింగ్ సెట్లు, అయస్కాంతాల దగ్గర పనిచేసిన చేతికి ఉన్న వాచీలోకి అయస్కాంత గుణం ఎక్కే అవకాశం ఉంది. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదాన్నొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, బేలన్స్ చక్రం తొందరపడుతుంది, వాచీ పరుగెడుతుంది. చుట్లకు నూనె అంటినా ఇదే వరస. దిక్సూచి పక్కన వాచీని మెల్లగా తిప్పితే సూది చలించిందంటే అయస్కాంతం మీద అనుమానం బలపడుతుంది. మెకానిక్ దగ్గర డీమాగ్నటైజర్ ఉంటే క్షణాల్లో పోయే లోపమిది. అమ్మేవారు దీన్ని పెద్ద జబ్బనుకుని ధర తగ్గిస్తే అది మీ అదృష్టం.

అపోహ: 17 రాళ్లున్నాయి, అందుకే ఈ ధర

అవి నగల్లో పొదిగే రాళ్లు కావు. ఇరుసులు తిరిగేచోట రాపిడి తగ్గించడానికి పెట్టే కృత్రిమ కెంపులు. 1902లో వెర్నాయ్ పద్ధతి వెల్లడయ్యాక వాటిని చవగ్గా తయారుచేయడం సాధ్యమైంది. కీ ఇచ్చే మామూలు వాచీకి 17 సరిపోతాయి.

అపోహ: పోర్టులో దిగిన సరుకు, ఒరిజినల్ కాక ఏమవుతుంది?

ఓడరేవు ఊళ్లలో ఈ మాటకు బలం ఎక్కువ. విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలున్న రోజుల్లో నావికుల చేతి మీద వచ్చిన వాచీకి గౌరవం ఉండేది. కానీ ఓడ దిగినంత మాత్రాన వాచీ అసలుదైపోదు, నకిలీలూ అదే దారిన వస్తాయి. ఇంకో సంగతి కొద్దిమందికే తెలుసు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షన్‌లో బంగారంతోపాటు చేతి గడియారాల పేరు కూడా ఉంది. దొంగ రవాణా సరుకని సహేతుకంగా నమ్మి అధికారులు స్వాధీనం చేసుకుంటే, కాదని రుజువు చేసుకోవలసిన భారం ఎవరి దగ్గర దొరికిందో వారిదే. ఖరీదైన విదేశీ వాచీ కొనేటప్పుడు పాత బిల్లో, వారంటీ కార్డో అడగడం ఇందుకే. అవి లేకపోతే కనీసం అమ్మినవారి చేత రసీదు రాయించుకోండి.

అపోహ: చీకట్లో వెలగడం లేదు కాబట్టి రేడియం పోయింది

1960లకు ముందటి కొన్ని స్విస్ వాచీల అంకెల మీద నిజంగానే రేడియం పూత ఉండేది. వెలుగు ఆగిపోయేది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ చెడిపోవడం వల్ల. రేడియం-226 సగానికి తగ్గాలంటే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీని మూసి ఉంచితే పెద్ద భయం లేదు. ఆ పొడి ఊపిరిలోకో నోట్లోకో పోతే ప్రమాదం. ఇంట్లో తెరవకండి, పూతను గీకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు సంగతి ముందే చెప్పండి.

అపోహ: కంపెనీ మూతపడింది, పార్టులు దొరకవు

హెచ్‌ఎంటీ విషయంలో ఈ బెంగ అక్కర్లేదు. ఒకే 0231 మెషీన్‌ను ఎన్నో మోడళ్లలో పెట్టారు కాబట్టి, నడవని ఒక జనతా దొరికితే దాని చక్రాలు మీ పైలట్‌కు పనికొస్తాయి. ఇబ్బందంతా పేరు తెలియని పాత స్విస్ మెషీన్లతోనే, ఒక్క ఇరుసు విరిగితే ఏళ్లు వెతకాలి. కొనే ముందు మెకానిక్‌ను రెండే అడగండి: ఈ మెషీన్‌కు పార్టులు దొరుకుతాయా, పూర్తిగా విప్పి కడిగి నూనె వేయడానికి ఎంత తీసుకుంటారు? ఆ సర్వీసింగ్ ఖర్చును అమ్మేవారు చెప్పిన ధరకు కలిపితే వచ్చేదే ఆ వాచీ అసలు ధర. సాదా జనతాకు సర్వీసింగే వాచీకన్నా ఎక్కువ కావచ్చు. లాభానికి తిరిగి అమ్ముదామని కొంటే అక్కడే నష్టం. రోజూ కీ ఇచ్చి చేతికి పెట్టుకుందామని కొంటే, తుప్పు లేని మెషీన్‌కు ఆ ఖర్చు పెట్టడం తప్పు కాదు.