ఇల్లు సరే, జాగా ఎవరి పేరున ఉంది?

భూకంపంలో ఇల్లు కూలిన కుటుంబానికి సాయం చేద్దామని బయలుదేరేవాళ్లం ముందుగా సిమెంటు, చువ్వలు, రేకుల లెక్క వేసుకుంటాం. 2015 తర్వాత నేపాల్‌లో ఎవరి ఇళ్లు లేచాయో, ఎవరివి ఆగాయో చదువుతూ పోయేకొద్దీ మాకు ఆ లెక్క తలకిందులైంది. దళిత కుటుంబం విషయంలో ఇల్లు పునాది దగ్గర మొదలు కాదు. భూమి కాగితం దగ్గర మొదలవుతుంది.

2015 ఏప్రిల్ 25న గోర్ఖా జిల్లా కేంద్రంగా 7.8 తీవ్రతతో భూమి కంపించింది. మే 12న మరోసారి, 7.3 తీవ్రతతో. దాదాపు 9 వేల మంది చనిపోయారు. కొండ పల్లెల్లో రాయి, బంకమట్టితో కట్టిన ఇళ్లు లక్షల్లో కూలాయి. ఆ ఏడాది డిసెంబరులో జాతీయ పునర్నిర్మాణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. ఇంటిని ప్రభుత్వం కట్టివ్వదు, కుటుంబమే కట్టుకోవాలి. సొమ్ము, నమూనాలు, ఇంజినీరు తనిఖీ ప్రభుత్వానివి. మొదట 2 లక్షలన్న సాయాన్ని తర్వాత 3 లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు. మన డబ్బులో లక్షా 87 వేలు. ఒప్పందం మీద సంతకం పెడితే 50 వేలు, పునాది లేచాక లక్షన్నర, గోడలు కప్పు దాకా వచ్చాక చివరి లక్ష. మన ఇందిరమ్మ ఇళ్ల బిల్లుల పద్ధతి తెలిసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు.

కాగితం మీద ఇందులో కులం ఎక్కడా లేదు. అందుకే ఒక కుటుంబాన్ని ఊహించుకుని వెంట నడిచి చూద్దాం.

కామీ కుటుంబం అనుకుందాం. నేపాల్ కొండల్లో ఇనుము పని చేసే కులం. ఊరందరికీ కొడవళ్లు, గునపాలు చేసిచ్చి, ఏడాదికోసారి ధాన్యం తీసుకునే 'బాలీఘరే' పద్ధతిలో తరాలు గడిపినవాళ్లు. మన మేర అనుకుంటే సరిపోతుంది. ఒప్పందానికి వెళ్తే పౌరసత్వ పత్రంతో పాటు 'లాల్‌పుర్జా' అడుగుతారు. అంటే పట్టా. అది లేదు. ఇల్లున్న చోటు ఒకప్పటి ఆసామి ఉండమన్న జాగా కావచ్చు, లేదా 'ఐలానీ', అంటే ఎవరి పేరునా నమోదు కాని ప్రభుత్వ భూమి కావచ్చు. పట్టా ఉన్నా అది తాత పేరున ఉండిపోయి ఉండవచ్చు. పోరంబోకులో, గ్రామకంఠంలో తరాలుగా కాపురముంటున్న మన వాడలకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇది నిర్లక్ష్యం వల్ల పోయిన కాగితం కాదు. 1854 నాటి ములుకీ ఐన్ అనే చట్టం కులాల నిచ్చెనను రాజ్యశాసనంగా రాసిపెట్టింది. 1963లో కొత్త చట్టం వచ్చేదాకా నూరేళ్లకు పైగా అదే నడిచింది. అన్నేళ్లు భూమికి దూరంగా ఉంచి, ఇప్పుడు భూమి కాగితం ఉన్నవాడికే ఇల్లు అంటున్నారు. భూకంపానికి కులం లేదని తరచూ వింటుంటాం. సాయం దరఖాస్తుకు మాత్రం ఉంది.

సరే, ఎలాగో పట్టా సంపాదించారనుకుందాం. రెండో విడత రావాలంటే పునాది పూర్తవ్వాలి. 50 వేలలో కూలిన రాళ్లు తొలగించాలి, మేస్త్రికి కూలి ఇవ్వాలి, బండి దారి లేని ఊరైతే సిమెంటు బస్తాలు వీపుల మీద ఎక్కించాలి. భూకంపాన్ని తట్టుకునే రాతి ఇంటికి గోడ మందమంతా పట్టే పొడవాటి కట్టురాళ్లు కావాలి. పునాది పైన, కిటికీ అడుగున, ద్వారబంధం పైన ఇల్లంతా చుట్టివచ్చే కలప పట్టీలో కాంక్రీటు పట్టీలో ఉండాలి. కప్పు తేలిగ్గా ఉండాలి. ఇవి లేకపోతే తనిఖీలో ఆపేస్తారు. ఆపడం సరైనదే, ప్రాణాలతో పని. కానీ పొలం ఉన్న ఇంటికి అప్పు పుడుతుంది. పొలం లేని ఇంటికి పుట్టినా అధిక వడ్డీకే పుడుతుంది. భర్త గల్ఫ్‌లోనో మలేసియాలోనో ఉంటే ఈ తిరుగుడంతా ఇంట్లో మిగిలిన ఆడమనిషి మీదే, అదీ పత్రాలు ఆమె పేరున లేకుండా. కాంక్రీటుకు, క్యూరింగుకు నీళ్లు కావాలి. దళితులు కుళాయి ముట్టుకుంటే మైలపడుతుందనే ఊళ్లు ఇంకా ఉన్న దేశంలో ఆ నీళ్లూ ఖర్చు కిందే రాసుకోవాలి.

మన పొరుగునే ఇంతకంటే బాహాటంగా జరిగింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతం కూలిపోయింది. ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో మనతో కలిసి ఉన్న నేల అది. కొత్త ఊళ్లు కట్టినప్పుడు భూమి లేనివారికి, హెక్టారు లోపు ఉన్నవారికి 250 చదరపు అడుగుల ఇల్లు. 7 హెక్టార్ల దాకా ఉన్నవారికి 400. ఆ పైన 750. ఇంట్లో ఎంతమంది ఉన్నారనేది కాదు, పొలం ఎంత ఉందనేదే కొలత. పాత ఊరి అంతస్తులనే కొత్త ఊరికి కొలిచి మరీ తరలించారు.

కాబట్టి సాయానికి వెళ్లే విద్యార్థి బృందం చేతిలో టేపు కంటే ముందు దరఖాస్తులు ఉండాలని మా అభిప్రాయం. ఎన్నాళ్లుగా అక్కడే ఉంటున్నారో చెప్పే ఇరుగుపొరుగు వాంగ్మూలాలు, వార్డు కార్యాలయం సిఫారసు, వారసత్వ బదిలీకి రుసుము. ఆ తర్వాత, విడత సొమ్ము వచ్చేదాకా వడ్డీ లేని చేబదులు. దానం కంటే ఇదే ఎక్కువ ఇళ్లను కప్పు దాకా చేరుస్తుందని మేం నమ్ముతున్నాం. రాళ్లు మోయడానికి మనుషులు అప్పుడు కావాలి. తిరస్కరించినవారు కారణం రాతపూర్వకంగా ఇచ్చేలా పట్టుబట్టాలి. నోటిమాట మీద అప్పీలు నడవదు.

ఒత్తిడి తెస్తే నియమాలు కదులుతాయి కూడా. భూమిలేని బాధితులు జాగా కొనుక్కోవడానికి 2 లక్షల నేపాలీ రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు తర్వాత వచ్చింది. అయితే దళితులకు జాగా అమ్మేవాళ్లు ఆ ఊళ్లో దొరకాలి కదా.

భూకంపం వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. భూమిలేని దళితులకు చట్టప్రకారం ఒకసారి భూమి ఇవ్వాలని, ఇల్లు లేనివారికి నివాసం ఏర్పాటు చేయాలని దాని 40వ అధికరణం చెబుతోంది. పునర్నిర్మాణ సంస్థ గడువు 2021 డిసెంబరులో ముగిసింది. 40వ అధికరణానికి గడువు లేదు. దరఖాస్తులో మొదటి వాక్యంగా దాన్నే రాయాలి.