ఆ చిన్న అంకెల వెనుక పెద్ద బాధ్యత

పాలపొడి డబ్బా అయినా, పసుపు ప్యాకెట్ అయినా కొనే ముందు మనం తయారీ తేదీ, గడువు తేదీ చూస్తాం. చుక్కలతో కూర్చిన ఆ అంకెలను నమ్మి ఇంటికి తెచ్చుకుంటాం. వాటిని ముద్రించే యంత్రాన్ని గురించి, దాన్ని నడిపే మనిషిని గురించి మాత్రం అంతగా ఆలోచించం.

ఆ యంత్రమే ఇంక్‌జెట్ కోడింగ్ ప్రింటర్. కన్వేయర్ బెల్టుపై సాగిపోతున్న ప్యాకెట్లను తాకకుండానే అది వాటిపై ముద్రిస్తుంది. అతి సన్నని రంధ్రం గుండా వెలువడిన సిరా ధార సెకనుకు వేలాది చుక్కలుగా విడిపోతుంది. విద్యుదావేశం పొందిన చుక్కలు పక్కకు మళ్లి ప్యాకెట్‌పై అంకెలుగా ఏర్పడతాయి. మిగిలినవి తిరిగి సిరా ట్యాంకుకే చేరుకుంటాయి.

దీన్ని నడపడం చూడటానికి చాలా సులువు. టచ్ స్క్రీన్‌పై స్టార్ట్ నొక్కితే కొద్ది నిమిషాలలో సిరా ధార స్థిరపడుతుంది. సిరా, సాల్వెంట్ ఎంత ఉన్నాయో తెరపైనే కనిపిస్తుంది. ఆ సరుకుకు సంబంధించిన మెసేజ్‌ను ఎంచుకుని, బ్యాచ్ నంబరు మార్చాలి. పని ముగిశాక తెరపై నుంచే ఆపాలి. అప్పుడే యంత్రం తన రంధ్రాన్ని కడుక్కుంటుంది. నేరుగా కరెంటు తీసివేస్తే సిరా ఎండి రంధ్రం పూడుకుపోతుంది. ఈ సాల్వెంట్లు చాలావరకు సులభంగా మండే స్వభావం కలవి. కనుక గాలి వెలుతురు ఉండాలి, చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి, నిప్పు దరిచేరకూడదు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. గడువు తేదీని రోజూ ఎవరూ టైపు చేయనక్కరలేదు. యంత్రం తన గడియారంలోని తేదీకి నిర్దేశించిన నెలలను తానే కలుపుకుంటుంది. గడియారం తప్పితే ప్రతి ప్యాకెట్టూ తప్పుతుంది. మూడు నెలలు నిలిచే సరుకు వంతు వచ్చినప్పుడు, పన్నెండు నెలల సరుకు మెసేజ్ తెరపై అలాగే ఉండిపోతే, తొమ్మిది నెలల అబద్ధం వేలాది ఇళ్లకు చేరుతుంది. యంత్రం నిజానిజాలు విచారించదు, చెప్పింది చెప్పినట్టు ముద్రిస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు మొదటి ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుని, క్యాలెండరుతో సరిచూస్తారు. ఆ తరువాత గంట గంటకూ ఒకటి తీసి చూస్తారు. పొరపాటు కనబడితే బెల్టు ఆపి, క్రితంసారి సరిచూసిన ప్యాకెట్ తరువాత ముద్రితమైన వాటన్నిటినీ వేరు చేస్తారు. తనిఖీల మధ్య ఎడం తగ్గినకొద్దీ నష్టమూ తగ్గుతుంది.

పొరపాటు కంటే ప్రమాదకరమైనది దురుద్దేశం. ప్లాస్టిక్‌పై ఇలాంటి సిరాను సాల్వెంట్‌తో తుడిచివేయవచ్చు. గడువు తీరిన సరుకుకు కొత్త తేదీ వేయమని యజమాని ఆదేశిస్తే, యంత్రం అభ్యంతరం చెప్పదు. కాదనగలిగేది దాని ముందు నిలబడిన మనిషి ఒక్కడే. ఉద్యోగం పోతుందేమోనన్న భయం అతనికి ఉండటం సహజం. కానీ ఆ ప్యాకెట్ ఏ పసిబిడ్డ గిన్నెలోకి చేరుతుందో అతనికీ తెలియదు, యజమానికీ తెలియదు. మన దేశంలో ఆహార పదార్థాలపై తప్పుదోవ పట్టించే లేబుల్ వేయడం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం శిక్షార్హం.

మన పిల్లలు ఇలాంటి పనిలో చేరుతున్నప్పుడు జీతమెంతో, షిఫ్టు ఎప్పుడో అడుగుతాం. వారు ముద్రించే ప్రతి అంకెనూ ఎవరో ఒక తల్లి చదివి నమ్ముతుందని కూడా చెప్పి పంపుదాం.