ఎక్కడ ఆగాలో యంత్రానికి తెలుసా?

గత వేసవిలో ఒక సాయంత్రం వైరాలో మగ్రిబ్ నమాజుకు వరుసలు నిలబడ్డాయి. అదే సమయంలో వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది. వ్యానుపై పేర్చిన డీజే పెట్టెల మోతకు మస్జిదు కిటికీలు అదిరాయి. ఇమాము ఖిరాఅత్ వెనుక వరుసలకు వినిపించలేదు. నమాజు ముగిశాక నా పక్కనున్న పెద్దాయన మెల్లగా అన్నారు: “మౌల్వీసాబ్, మేమైతే ఆ మలుపు దగ్గరే ఆపేసేవాళ్లం.”

ఆయన ముప్పై ఏళ్లు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించిన మనిషి. మస్జిదు మలుపు రాగానే ఆయన చేయెత్తితే డ్రమ్ము, ట్రంపెట్ అన్నీ ఆగిపోయేవి. ఏ ఇంటి ముందైనా శవం ఉంటే ఆ వీధి దాటేవరకు మౌనంగా నడిచేవారు. ఆ మేళం ఇప్పుడు విడిపోయింది. ఆయన ఒక రైసు మిల్లులో రాత్రి కాపలా కాస్తున్నారు. “నా క్లారినెట్ గొంతు ఇప్పుడు కీబోర్డులో ఒక మీట. దానికి దమ్ము అక్కరలేదు, బువ్వ కూడా అక్కరలేదు” అని నవ్వారు.

ఆ నవ్వు నన్ను నిలదీసింది. పెళ్లిళ్లలో బ్యాండు ఆర్భాటం వద్దని ఏళ్ల తరబడి జుమా ప్రసంగాలలో చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి. బ్యాండు ఆగింది. అయితే మా మాట విని కాదు, అంతకంటే పెద్ద మోత వచ్చినందువల్ల. ఆ మేళగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నదా అని మాత్రం మేము అడగలేదు.

వాద్యాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. నికాహ్‌ను నలుగురికీ తెలియజేసేందుకు దఫ్ వాయించడానికి హదీసులలో అనుమతి ఉంది. ఆ చర్చలోకి వెళ్లడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. యంత్రం వాయించడం మొదలుపెట్టినప్పుడు మనిషి ఏమవుతాడన్నదే నా ప్రశ్న.

పాత కథే

తనంతట తాను వాయించే యంత్రం నేటిది కాదు. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో బనూ మూసా సోదరులు ముగ్గురు నీటి బలంతో పనిచేసే వేణువు యంత్రాన్ని తమ గ్రంథంలో వివరించారు. 1206లో అల్ జజరీ తన యంత్రశాస్త్ర గ్రంథంలో ఒక పడవను చిత్రించారు. అందులో నలుగురు బొమ్మ వాద్యకారులుంటారు. నీటితో ఇరుసు తిరుగుతుంది, దానికి బిగించిన మేకులు మీటలను నొక్కుతాయి, బొమ్మల చేతులు డోలుపై పడతాయి. అది రాజుల మద్యగోష్ఠుల వినోదానికి ఉద్దేశించినదన్న నిజాన్ని దాచనవసరం లేదు. ఆ నైపుణ్యం మాత్రం అద్భుతం.

1984లో జపానులోని వాసెదా విశ్వవిద్యాలయం స్వరలిపిని కెమెరా కన్నుతో చదివి ఆర్గన్ వాయించే మరమనిషిని తయారుచేసింది. 2007లో టొయోటా సంస్థ మరమనిషి చేత వయొలిన్ వాయింపజేసింది. అంత దూరం పోనక్కరలేదు. తెలుగునాట అనేక ఆలయాలలో మీట నొక్కితే డోలును, గంటను కలిపి మోగించే మోటారు యంత్రాలు వచ్చాయి. మంగళవాద్యం వాయించేవారి చోటును అవి ఆక్రమించాయి. ఆ వాద్యకారులలో తరతరాలుగా నాదస్వరం ఊదిన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఒంగోలు సమీపంలోని కరవది నుంచి బయలుదేరి 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చిన మౌలానా ఆ పరంపరలోనివారే. అలాంటి పేరు ఒక్కరికే దక్కుతుంది. మిగిలిన వందలాది మంది ఏ రోజు బయానా ఆ రోజు తిని బ్రతికినవారు.

మనిషి వాటా

అమెరికాలో ఇదే సమస్య ఎదురైంది. రికార్డులు, రేడియోలు వచ్చి వాద్యకారుల ఉపాధిని దెబ్బతీస్తున్నాయని వారి సంఘం 1942 ఆగస్టులో రికార్డింగులకు వాయించడం మానేసింది. 1944 నాటికి కంపెనీలు దిగివచ్చాయి. అమ్ముడైన ప్రతి రికార్డుపై కొంత సొమ్మును ఒక నిధికి చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. ఆ నిధితో పనిలేని వాద్యకారుల చేత ప్రజలకు ఉచిత కచేరీలు చేయించి, వారికి వేతనం ఇచ్చారు. యంత్రం ఆగలేదు. దాని లాభంలో మనిషికి వాటా దక్కింది.

మన ధర్మం చూపే మార్గం కూడా ఇదే. దివ్య ఖుర్ఆన్ దావూద్ (అలైహిస్సలాం)కు లభించిన రెండు వరాలను ఒకే చోట ప్రస్తావిస్తుంది. ఆయన దైవస్తోత్రం చేస్తే పర్వతాలు, పక్షులు గొంతు కలిపేవి. ఆయన చేతిలో ఇనుము మెత్తబడేది. గొంతు ఇచ్చిన ప్రభువే ఇనుమునూ ఇచ్చాడు. అయితే ఇనుము ఆయన చేతిలో ఉంది, ఆయన స్థానంలో లేదు.

ఆ పెద్దాయన పేరును జకాత్ జాబితాలో చేర్చాలని నేను అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “జకాత్ నాకంటే లేనివాళ్లకివ్వండి. మాకు పని చూపండి” అన్నారు. యాచించ వచ్చిన మనిషికి గొడ్డలి సమకూర్చి కట్టెలు కొట్టుకు రమ్మని పంపిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉదంతం నేను పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో! ఆ పాఠాన్ని ఆ రోజు నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను.

జమాఅత్ పెద్దలం కలిసి ఖర్జె హసనాగా కొంత సొమ్ము సమకూర్చాం. పాత మేళంలోని ఇద్దరు దానితో ఒక మైకు సెట్టు కొని, ధార్మిక సభలకు, విందులకు అద్దెకు తిప్పుతున్నారు. అది కూడా యంత్రమే. కానీ దాని మీట ఉన్నది ముప్పై ఏళ్లు ఊరి వీధులను, ఊరి దుఃఖాలను చూసిన చేతిలో. అజాన్ వినిపించగానే ఆ చేయి శబ్దాన్ని తగ్గిస్తుంది.

ఈసారి మీ ఇంట పెళ్లి మాటలు జరిగినప్పుడు శబ్దం ఎంత పెద్దదని అడగకండి. మీట ఎవరి చేతిలో ఉంది, ఆ చేతికి కూలి దక్కుతున్నదా అని అడగండి.