మింటి చిల్లు - ఇంటి గ్యాసు

మొన్న వేసవిలో మా ఇంటి ఏసీ మొరాయించింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడిదీ మన భాషే. వాళ్ల తాతలు ఎప్పుడో నూలు మిల్లు పనికని కోయంబత్తూరు చేరినవారట. లోపలి గ్యాసంతా తీసివేసి, కారుతున్న గొట్టం అతికి, కొత్త గ్యాసు నింపాలన్నాడు. తీసివేయడమంటే ఏ సిలిండరులోకో పడతాడు కాబోలనుకున్నాను. మేడమీదికి వెళ్లి మర వదులు చేశాడు. బుస్సుమని కాసేపు కూసి, వున్నదంతా గాలిలో కలిసిపోయింది.

"ఇలా వదిలేయవచ్చునా బాబూ?" అన్నాను.

"ఇది కొత్త రకం గ్యాసండీ. దీనివల్ల ఓజోనుకేమీ కాదు" అన్నాడు.

కాఫీ తెచ్చిన మా వదినగారు అందుకున్నారు: "ఇంకా ఏం కావాలి నాయనా! ఆకాశానికి చిల్లుపడి, అందులోంచి ఎండ దిగబట్టే గదా ఇట్లా మాడిపోతున్నాం!"

కుర్రవాడు చెప్పినది సగం నిజం. వదినగారు చెప్పినది నిజం కాదు గాని, చదువుకున్నవారు కూడా చాలామంది నమ్మే మాట. ఈ రెంటి చిక్కూ విడదీసి చెప్పవలెనని ఆనాడే అనుకున్నాను.

ముందు ఓజోను సంగతి. మనం పీల్చే ప్రాణవాయువులో పరమాణువులు జంటలుగా వుంటవి; ఓజోనులో మూడేసి. నేలకు 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తున ఇది ఎక్కువగా వున్నది. ఓజోను పొర అంటే దుప్పటిలా పరచి వుంటుందనుకోకండి. తలమీది ఓజోనునంతా పోగుచేసి నేలమట్టానికి దింపితే మందం మూడు మిల్లీమీటర్లు! సూర్యుని అతినీలలోహిత కిరణాలలో ప్రాణులకు కీడుచేసే వాటిని చాలావరకు ఆపేది ఇంత కొంచెపు సరుకే. ఇది తగ్గితే కంటికి శుక్లాలు, ఒంటికి చర్మపు కేన్సరు, సముద్రంలో చేపల మేతకు మూలమైన, కంటికానని మొక్కలకు నష్టం. మన చామనచాయ చర్మానికి కొంత కాపుదల ఇస్తుంది; కంటికి ఆ కాపుదల లేదు.

దీనిని కొలిచే పరికరాన్ని ఆక్స్‌ఫర్డులో డాబ్సన్ అనే ఆచార్యుడు 1920లలో తయారుచేశాడు. మనకు దగ్గరలోని కొడైకెనాల్ కొండమీద కూడా 1950ల చివరి నుంచి అటువంటి పరికరంతో కొలిచారు. మూడు మిల్లీమీటర్లంటే ఆ లెక్కలో 300 డాబ్సన్ యూనిట్లు. ఉష్ణమండలంలో ఓజోను స్వభావం చేతనే పలచన. పైగా సూర్యుడు నడినెత్తిన కాస్తాడు. మన ఎండ తీక్ష్ణత కొత్తగా వచ్చినది కాదు. చిల్లు పడినది మన నెత్తిమీద కాదు, దక్షిణ ధ్రువం మీద.

అక్కడ హాలీ బే అనే మంచు దిబ్బ మీద బ్రిటిష్ వారు 1956 నుంచి స్థావరం పెట్టుకుని ఏటేటా ఓజోను కొలుస్తూ వచ్చారు. తొలి సంవత్సరాలలో అక్టోబరు నెలలో 300 దాపున వున్న అంకె 1984 నాటికి 200కు దిగువకు పడిపోయింది. ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు ఈ సంగతిని 1985 మేలో ప్రకటించారు. ఒకేచోట, ఒకే రకం పరికరంతో, విసుగు లేకుండా పాతికేళ్లకు పైగా రాసిన చిట్టా అది. దానిని "పనికిమాలిన ఖర్చు" అని ఎవరైనా నడుమనే ఆపివేసి వుంటే ఏమయ్యేదో!

దొంగ ఎవరయ్యా అంటే, మన ఫ్రిజ్జులోని గ్యాసు. నిజానికి అది మంచివాడిగానే ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఫ్రిజ్జులలో అమోనియా, గంధకపు వాయువు వంటివి వాడేవారు. కారితే ప్రాణాలమీదికి వచ్చేది. 1928లో అమెరికాలో మిడ్‌గ్లీ అనే రసాయనజ్ఞుడు విషమూ కాని, మండనూ మండని క్లోరోఫ్లోరోకార్బన్లను ఇందుకు కనుగొన్నాడు. పండితుల సభలో దానిని గుండెనిండా పీల్చి, కొవ్వొత్తి మీద ఊది ఆర్పి చూపాడట. ఏ వస్తువుతోనూ కలవని ఆ మంచితనమే కొంప ముంచింది. నేలమీద దానిని కరిగించేది లేక నిదానంగా పైకి చేరింది. అక్కడి తీక్ష్ణకిరణాలు తగిలి విరిగితే క్లోరిన్ బయటపడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు తాను అరగకుండానే లక్ష ఓజోను అణువులను విడగొట్టగలదు. 1974లో మొలీనా, రోలండ్ ఈ మాట చెబితే కంపెనీలు కొట్టిపారేశాయి. 1995లో క్రుట్జెన్‌తో పాటు వారికి నోబెల్ బహుమానం వచ్చింది. ధ్రువం మీదనే ఇంత ఘోరం ఎందుకంటే, నెలల తరబడి చీకటిలో అక్కడ పైగాలిలో మంచు మేఘాలు కడతవి. వాటిమీద క్లోరిన్ సిద్ధమై కూర్చుని, సెప్టెంబరులో సూర్యుడు రాగానే పని మొదలుపెడుతుంది.

ఇక వేడి సంగతి. చిల్లులోంచి దిగేది అతినీలలోహితమే గాని, మన వడగాలి కాదు. ఓజోను తగ్గితే పైగాలి చల్లబడుతుంది కూడా. భూమి వేడెక్కడానికి ముఖ్యకారణం మనం కాల్చే బొగ్గు, చమురుల బొగ్గుపులుసు వాయువు. అయితే ఈ రెండు కథలకూ ఒకచోట ముడి వున్నది. ఆ ముడి కనిపెట్టినవాడు మనవైపు వాడే.

వీరభద్రన్ రామనాథన్ గారు తమిళనాడులో పుట్టి, అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, సికిందరాబాదులో ఫ్రిజ్జుల కంపెనీలో ఉద్యోగానికి చేరారు. అక్కడ ఆయన పని ఫ్రిజ్జులలోంచి గ్యాసు ఎందుకు కారిపోతున్నదో చూడడం! విసిగి, బెంగుళూరులో పైచదువు చదివి, అమెరికా వెళ్లారు. మొలీనా, రోలండుల మాట విన్నాక, సికిందరాబాదులో తాను వెంటబడిన ఆ గ్యాసు వేడిని కూడా పట్టి వుంచుతుందేమోనని లెక్క వేశారు. 1975లో ప్రకటించారు: ఒక టన్ను క్లోరోఫ్లోరోకార్బను వేల టన్నుల బొగ్గుపులుసు వాయువు పెట్టు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. ఆస్త్మా మందుకు తప్ప ఈ గ్యాసుల తయారీని 2008 ఆగస్టు నుంచి ఆపివేసింది. 2022 నాటి శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం దక్షిణ ధ్రువం మీద ఓజోను 1980 నాటి స్థితికి రావడానికి 2066 దాకా పడుతుంది. ఇంత ఆలస్యమెందుకంటే, పాత గ్యాసులలో ఒకదాని ఆయువు సుమారు నూరేళ్లు. 1979లో మా నాన్నగారు కొన్న ఫ్రిజ్జులోంచి కారినది ఇంకా పైన తిరుగుతూనే వుండాలి.

పాతవాటి స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లలో క్లోరిన్ లేదు. కనుక కుర్రవాడు చెప్పినట్టు ఓజోనుకేమీ కాదు. కాని వేడి పట్టడంలో అవీ తక్కువవి కావు. మా ఏసీ రేకు మీద ఆర్-410ఎ అని వున్నది. అది కిలో వదిలితే సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టే. వీటినీ తగ్గించుకుందామని 2016లో కిగాలీలో ఒప్పుకున్నారు. మన దేశం 2021లో ఆమోదించింది. 2032 నుంచి తగ్గించడం మొదలు. 2047కు నూటికి 85 పాళ్లు తగ్గాలి.

ఇదంతా కుర్రవాడికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. గ్యాసు తిరిగి పట్టే యంత్రం వాళ్ల షాపులో వున్నదట. మేడమీదికి మోసుకుని వచ్చి పట్టేసరికి మరో గంట పడుతుంది. ఆ గంటకు కూలి ఇచ్చేవారు లేరు, షాపు వారూ ఇవ్వరు. "మీరిస్తారా అండీ?" అన్నాడు, నవ్వుతూ. ఎంతన్నాను. మూడు వందలన్నాడు.

పక్కింటివారి ఏసీ కూడా కారుతున్నది. ఈ ఆదివారం యంత్రం తెస్తానన్నాడు. మూడు వందలలో సగం వారు, సగం నేను.